ఉపవాసం చెడగొట్టని గోలీ

మా అన్న వడ్రంగి. క్రీస్తు శ్రమల నలభై రోజులూ పొద్దంతా ఉపవాసముంటాడు. నెలనుంచీ కడుపులో మంట అంటుంటే ఈ రోజు పట్టుబట్టి దవాఖానకు తీసుకెళ్లాను.

ఏం తింటున్నావని డాక్టరమ్మ అడిగింది.

"పొద్దుగూకేదాంక ఏం తినను. నడుం నొప్పికి రెండు గోలీలు ఏస్కుంట, గంతే. గోలీతోని ఉపాసం చెడదు గదమ్మా" అన్నాడు అన్న.

ఆమె రాయడం ఆపి అన్న జేబులోని బీడీ కట్ట వైపు చూసింది. "ఖాళీ కడుపుల గోలీలు, మీదికెల్లి బీడీలు! మంట యేండ్లకేండ్లు ఉంటే లోపలి పొర పాడైతది. మీ ఇంట్ల ఎవరికన్న కడుపుల క్యాన్సర్ గడ్డ లేసిందా?"

"ఎవ్వరికి లేదమ్మా" అన్నాడు అన్న.

మా నాన్న పోయింది దాంతోనే. మా ఇంట్లో మాత్రం జ్వరమొచ్చి పోయాడనే చెప్తాం.

"నాయినకు లేసిందమ్మా" అన్నాను. అన్న నా వైపు చూడలేదు.

"గది ముందుగాల చెప్పాలె!" అంటూ ఆమె హైదరాబాదు పెద్ద దవాఖానకు చీటీ రాసింది.

ఇంటికి రాగానే అమ్మ ఎదురొచ్చి, "ఏమన్నది డాక్టరమ్మ?" అని అడిగింది. అన్న గోలీల పొట్లాన్ని గుప్పిట్లో నలుపుతున్నాడు.

మీరైతే ఏం చెప్పేవారో నాకు తెలియదు. దవాఖానలో అంత ధైర్యంగా నిజం చెప్పిన నేను, "జెర జ్వరమేనటమ్మా" అన్నాను.