ఫూల్‌మతమ్మ పెట్టిన అన్నం

ముక్తేశ్వరంలో దానం గారిని ఎవరైనా "మిలట్రీ గారూ" అని పిలిచారంటే ఆ రోజుకి వాళ్ళ పని అయిపోయినట్టే. సైకిలు ఆపించి మరీ పాఠం చెబుతారు. మిలట్రీ వేరు, తాను రిటైరైన సీఆర్పీఎఫ్ వేరు. అది ముప్పై తొమ్మిదిలో, తెల్లదొరల హయాంలో, నీమచ్ అనే ఊళ్ళో పుట్టింది. అప్పుడు దాని పేరే వేరు. స్వాతంత్ర్యం వచ్చాక, నలభై తొమ్మిదిలో, చట్టం చేసి ఇప్పటి పేరు పెట్టారు. అల్లర్లయినా, అడవులైనా, ఎన్నికలైనా రాష్ట్రం పోలీసులకు చెయ్యి చాలని చోటికల్లా వెళ్ళేది తామే. విన్నవాడు "ఆయ్" అని బుద్ధిగా తలూపుతాడు. మర్నాడు మళ్ళీ మిలట్రీ గారూ అనే పిలుస్తాడు.

ఇంత నిక్కచ్చి మనిషి ఒక్క విషయంలో మాత్రం పచ్చి అబద్ధాలకోరు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఓసారి జార్ఖండ్‌లో ఎన్నికల డ్యూటీ పడింది. భార్య కాంతమ్మ ఫోనులో "అన్నం తిన్నారా అండీ?" అని ఒకటే ఏడుపు. నిజానికి ఆ పూట బూత్ పక్కింటి ఫూల్‌మతి అనే పెద్దావిడ పళ్ళెంలో అన్నం తెచ్చింది. కానీ పోలింగు డ్యూటీలో ఉన్నవాళ్ళు ఊళ్ళో ఎవరి చేతి తిండీ తినకూడదు. ఒకరింటి ముద్ద తింటే ఆ ఇంటివాళ్ళ పార్టీ మనిషన్న మాట పడాలి. దానం గారు చేతులు జోడించి పళ్ళెం వెనక్కి పంపేసి, బిస్కట్లు నమిలారు. భార్య ఏడుపు వినలేక మాత్రం, "ఫూల్‌మతమ్మని ఒకావిడ, కన్నకొడుక్కి పెట్టినట్టు పెట్టింది" అనేశారు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కాంతమ్మ ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. ఆ ఫోర్సువాళ్ళు మా ఊరొస్తే నా చేత్తో వడ్డిస్తాను ప్రభువా అని మొక్కుకుంది. రోజూ ప్రార్థనలో ఫూల్‌మతమ్మ పేరే. "ఆవిడ ఒంట్లో ఎలా ఉందండి?" అని అడిగితే, ఏం తోచక "మోకాళ్ళ నొప్పులంట" అన్నారు దానం గారు. సంఘమంతా ఆ మోకాళ్ళ కోసం ఉపవాస ప్రార్థన చేసింది. ఇక తప్పేదిలేక ఆయనే మరుసటి నెలలో నొప్పులు తగ్గించారు.

మొన్నటి ఎన్నికలకి, పోలింగు ముందురోజున, ఆ ఫోర్సే వచ్చి ఊరి బడిలో దిగింది. కాంతమ్మ పొద్దుటే పొయ్యి వెలిగించింది. దానం గారు పొయ్యి దగ్గరే తచ్చాడారు. వాళ్ళెలాగూ తినరు. ఎందుకు తినరో కాంతమ్మకి తెలిసిందంటే ఇన్నేళ్ళ అబద్ధం బయటపడుతుంది.

"వాళ్ళు రొయ్యలు తినరు, కాంతం."

"కోడికూర కూడా చేసేనండి."

"అసలు నీసే ముట్టరు."

"పప్పూ ఆవకాయా ఉన్నాయండి."

"ఇవాళ ఉపవాసం కాబోలు."

"అందరికీనా?" అంటూ ఆవిడ కేరేజీ పట్టుకుని నడిచింది.

ఆయనకి మిగిలిన ధైర్యం ఒక్కటే. వచ్చినవాళ్ళు మాట్లాడేది హిందీ. కాంతమ్మకి హిందీ రాదు. మధ్యలో మాట అందించేది తనే, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు. బడి గేటు దగ్గర కాపలా ఉన్న హవల్దారుని చూసి ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఏటమ్మా, ఇంత ఎండలో ఒచ్చినావు?" అన్నాడు హవల్దారు. శ్రీకాకుళం మనిషి.

"మీకోసం అన్నం తెచ్చేనండి బాబూ. ఈయనా మీ ఫోర్సేనండి."

"తినీసినట్టే అనుకోమ్మా. పోలింగు డ్యూటీలో ఎవరింటిదీ ముట్టకూడదు. ఎప్పట్నుంచో అదే రూలు. సారుకి తెలీదేటి?"

కాంతమ్మ కేరేజీ కింద పెట్టి మొగుడివైపు తిరిగింది.

"అయితే ఫూల్‌మతమ్మ?"

"ఉంది. అన్నం తెచ్చింది కూడాను. నేనే తిన్లేదు."

"మరి మోకాళ్ళు?"

"అవి నేను పెట్టినవే."

"తగ్గిపోయాయని చర్చిలో సాక్ష్యం చెప్పేనే!"

హవల్దారు ముఖం పక్కకి తిప్పేసుకున్నాడు. పెద్ద పెద్ద అల్లర్లలో లాఠీ పట్టుకు నిలబడ్డ దానం గారికి అక్కడ నిలబడే ధైర్యం లేకపోయింది.

"నువ్వు ఏడుస్తుంటే వినలేకపోయేను, కాంతం."

ఆవిడ ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు అరుగు మీద కేరేజీ విప్పింది. "మీకిప్పుడు డ్యూటీ లేదుగా. కూచోండి. ఫోర్సు మనిషికి వడ్డిస్తానని కదండీ మొక్కేను."

మొదటి ముద్ద కలుపుతుంటే ఆయనకి ఆ రోజు పళ్ళెం పట్టుకుని వెనక్కి నడిచిన ఫూల్‌మతి కళ్ళ ముందు మెదిలింది. చేతులు జోడిస్తే మర్యాద తీరిపోయిందనుకున్నారు ఇన్నాళ్ళూ. ఆ ముసలావిడ మనసు ఎంత నొచ్చుకుందో కాంతమ్మ ముఖం చూశాకే తెలిసింది.

"ఎలాగుందండి? ఈసారైనా నిజం చెప్పండి."

"ఉప్పెక్కువైంది, కాంతం."

కాంతమ్మ కళ్ళొత్తుకుని, అదే కూర ఇంకో గరిటెడు వడ్డించింది.