పేరు తర్వాత, ముందు భయం

“దారి మధ్యలో ఛార్జింగ్ అయిపోయి, మండుటెండలో కారు ఆగిపోయి, వెనకసీట్లో పాప ఉంటే?”

ఈ మాట వింటే కార్లమ్మే మనిషెవరైనా ఏం చేస్తాడు? నవ్వుతాడు, చల్లటి నీళ్ళు తెప్పిస్తాడు, “అలాంటివేం జరగవు మేడమ్” అంటాడు. మా బాబాయి మాత్రం కుర్చీలోంచి దిగ్గున లేచాడు. ఎప్పుడో తప్పిపోయిన చుట్టం గుమ్మంలో కనిపించినట్టు ఆయన ముఖం వెలిగిపోయింది.

“ఎంత మంచి భయం తల్లీ! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు? పద, చూసొద్దాం.”

మా బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుటి మనిషి పేరు అడగడు, భయం అడుగుతాడు. అడిగి ఊరుకున్నా బాగుండేది. ఆ భయం ఎక్కడ కాపురముంటుందో అక్కడికి ఆ మనిషిని వెంటబెట్టుకుని వెళ్తాడు. మా ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు అందరూ ఉద్యోగం గురించి అడిగితే, బాబాయి “అవన్నీ తర్వాత. నువ్వు దేనికి భయపడతావు బాబూ?” అన్నాడు. మా ఆయన మొహమాటపడుతూ “బొద్దింకలకండీ” అన్నాడు. ఆ సాయంత్రమంతా ఇద్దరూ టార్చిలైటు పట్టుకుని మా వంటింటి తూము ముందు కూర్చున్నారు. మా ఆయన ఇప్పటికీ బొద్దింకను చూస్తే పారిపోతాడు. కాకపోతే ఇప్పుడు ముందు పలకరించి, తర్వాత పారిపోతాడు.

ఇలాంటి మనిషి నాన్నకి స్వయానా తమ్ముడు కావడం మా అదృష్టం. కరెంటు కార్ల షోరూములో అమ్మకాల ఉద్యోగి కావడం ఆ కంపెనీ దురదృష్టం.

ఆ కారు గురించి కూడా కాస్త చెప్పాలి. దాన్ని తయారుచేసినవాళ్ళకి మనుషుల వేళ్ళంటే గిట్టదు. లోపల ఒక్క బటనూ ఉండదు. అద్దం తుడిచే వైపరు తెర మీద మూడో పేజీలో ఉంటుంది. ఆ పేజీ దొరికేదాకా వాన ఆగాలి. ఛార్జింగ్ పెట్టాలంటే ఫోనులో ఒక యాప్ కావాలి, ఆ యాప్ మనల్ని గుర్తుపట్టాలి. ఇక తలుపు పిడి. అది తలుపులోకి ముడుచుకుని నిద్రపోతూ ఉంటుంది. మనిషి దగ్గరకొస్తే, కారుకి మనసైతే, మెల్లగా బయటికొస్తుంది. దానివల్ల గాలి తక్కువ అడ్డుపడి కారు కొంచెం ఎక్కువ దూరం వెళ్తుందట. నేను భౌతికశాస్త్రం చదివినదాన్ని, నా లెక్క నాకుంది. అలా మిగిలిన దూరమూ, తలుపెలా తెరవాలో తెలియక మనం కారు చుట్టూ తిరిగే దూరమూ సరిగ్గా సరిపోతాయి.

కార్లు అమ్ముడుపోవడం లేదని హెడ్డాఫీసువాళ్ళు పరిశోధన చేశారు. మొదట తప్పు కుర్చీలదన్నారు, కుర్చీలు మార్చారు. తర్వాత గోడల రంగుదన్నారు, గోడలు మార్చారు. ఆ తర్వాత షోరూములో భవిష్యత్తు వాసన రావడం లేదని కనిపెట్టి ఒక సెంటు పంపించారు. అది కొట్టినరోజు బాబాయికి సాయంత్రం దాకా తుమ్ములే. చివరికి, “ఇక్కడి జనం భవిష్యత్తుకి ఇంకా సిద్ధంగా లేరు” అని తేల్చారు.

“జనం సిద్ధంగానే ఉన్నారండీ. వచ్చి బయటే నిలబడ్డారు. తలుపే తెరుచుకోవట్లేదు” అన్నాడు బాబాయి. ఆ మాట వాళ్ళకి నచ్చలేదు.

బాబాయి అమ్మే తీరు అంతకన్నా నచ్చలేదు. ఒకరోజు ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు.

“నమస్కారమండీ, నా పేరు...”

“పేరు తర్వాత. ముందు మీ భయం చెప్పండి.”

డాక్టరు గతుక్కుమన్నాడు. అది ఆయన రోజూ ఇతరులలో చూసేది తప్ప తనని ఎవరూ అడిగింది కాదు. “బ్రోషర్లో రాసినంత దూరం నిజంగా వెళ్తుందా అని...” అన్నాడు.

“వెళ్తుంది. కాకపోతే కారులో ఎవరూ ఉండకూడదు, ఏసీ వేయకూడదు, వెనక నుంచి గాలి వీస్తూ ఉండాలి. పదండి, ఎక్కడ ఆగుతుందో చూద్దాం.”

ఫ్లైఓవరు ఎక్కుతుండగా ఆగింది. ఇద్దరూ నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. డాక్టరుకి భయం పూర్తిగా పోయింది. ఆయన హాయిగా వెళ్ళి పెట్రోలు కారు కొనుక్కున్నాడు.

తర్వాత ఒక దర్జీ ఆవిడ వచ్చింది. ఆ తెర పాడైతే ఎలా అని ఆవిడ భయం. బాబాయి తెర మీద తువ్వాలు కప్పి, “ఇప్పుడు నడపండమ్మా” అన్నాడు. ఆవిడ ఏసీ కోసం తడిమింది, అద్దం కోసం తడిమింది, చివరికి తువ్వాలు మడిచి బాబాయి చేతిలో పెట్టి, “మా కుట్టుమిషనే నయమండీ, దానికో చక్రమైనా ఉంది” అని వెళ్ళిపోయింది.

ఆగిపోయిన కార్లను షోరూముకి చేర్చే లాగుడుబండి డ్రైవరు మాత్రం బాబాయికి ప్రాణస్నేహితుడయ్యాడు. రెండ్రోజులు పిలుపు రాకపోతే అతనే ఫోన్ చేసేవాడు. “ఏం సార్, ఒంట్లో బాగాలేదా? బండి ఎక్కడా ఆగలేదేంటి?”

ఒకనాడు పిన్ని మా ఇంటికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా సోఫాలో కూలబడింది.

“నెలాఖరులోగా ఒక్క కారైనా అమ్మకపోతే ఇక రావద్దన్నారటే. ఈయన పగలంతా ఇంట్లో ఉంటే ఏమవుతుందో ఆలోచించావా? నా భయాలు వారంలో అయిపోతాయి. ఆ తర్వాత పక్కింటివాళ్ళ మీద పడతాడు.”

పిన్ని నవ్వించాలనే అంది కానీ, చెంగు కొసని వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. ఆ జీతం మీదే వాళ్ళ ఇల్లు నడుస్తోంది. మాకెలాగూ కారు కావాలి. ఆ కారే కొనేద్దామని నేనూ మా ఆయనా అనుకున్నాం.

“కానీ తల్లీ,” అంది పిన్ని నా గడ్డం పట్టుకుని, “అడిగితే నాకే భయమూ లేదని చెప్పు. నీకు పుణ్యముంటుంది.”

నాకు భయం లేదని చెప్పడమంటే, చేపకి తడి లేదని చెప్పడం లాంటిది. పాప పుట్టిన నాటినుంచి నేను చెంచాకి భయపడతాను, దుప్పటికి భయపడతాను, పాప ఏడిస్తే భయపడతాను, ఏడవకపోతే వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. దారంతా “ఏ భయమూ లేదు, ఏ భయమూ లేదు” అని వల్లె వేసుకుంటూ షోరూముకి వెళ్ళాను. బాబాయి నా కళ్ళలోకి చూసి, “చెప్పు తల్లీ” అన్నాడు. అంతే, మొదట రాసిన ఆ మాట నోట్లోంచి ఊడిపడింది.

పాప కోసం ఇంటికి వెళ్తే, పంపడానికి మా ఆయన ఒప్పుకోలేదు. “దిండు తీసుకెళ్ళండి” అన్నాడు. దిండుకి పాప పసుపు గౌను తొడిగి, పాప టోపీ పెట్టి, వెనకసీట్లో బెల్టు బిగించాం. ఖాళీ మైదానం పక్కన కారు ఆగేదాకా తిప్పి, దిగి తలుపులు వేశాం. అప్పటికీ దీపాలు వెలుగుతున్నాయి, పాట వస్తోంది. “ఉన్న కాస్తా కూడా పోనీ. చచ్చేదేదో సరిగ్గా చావాలి కదా” అన్నాడు బాబాయి. కాసేపటికి పాట సాగి సాగి ఆగింది. తెర నల్లబడింది.

“చూశావా? ఇంతే. ఇప్పుడు తలుపు తీసి పాపని ఎత్తుకుంటాం” అంటూ బాబాయి చెయ్యి చాపాడు.

పిడి బయటికి రాలేదు.

అటువైపు వెళ్ళాడు. అక్కడా రాలేదు. నాలుగు తలుపులూ నున్నగా, గుడ్డు పెంకుల్లా ఉన్నాయి. అద్దంలోంచి పసుపు గౌను కనిపిస్తోంది. ఎండ నేరుగా దాని మీద పడుతోంది. అది దిండని నాకు తెలుసు. దూది అని తెలుసు. అయినా రెండు పిడికిళ్ళతో అద్దం బాదాను. “బాబాయ్, తియ్యి! తియ్యి బాబాయ్!” అని అరిచాను.

లాగుడుబండి వచ్చి, ముందు బంపరు వెనక ఎక్కడో దాగిన మూత వెతికి, దాని లోపల తన బ్యాటరీ తీగలు తగిలిస్తే గానీ పిడులు నిద్ర లేవలేదు. దిండుని గుండెకి హత్తుకున్నాను. వేడిగా ఉంది.

షోరూము ముందు దిగాక బాబాయి, “ఈ కారు నీకు అమ్మను తల్లీ” అన్నాడు.

“బాబాయ్, నెలాఖరు...”

“నీకనే కాదు. పిల్లలున్నవాళ్ళెవరికీ అమ్మను. ముసలివాళ్ళున్న ఇంటికీ అమ్మను.”

“ఇంక మిగిలేదెవరు?”

“ఎవరూ లేరు. అదే ఆలోచిస్తున్నాను.”

హెడ్డాఫీసుకి రాశాడు. ఆ మూత సంగతి వినియోగదారుల పుస్తకంలో వివరంగా ఉందనీ, కొనేవాళ్ళకి అవగాహన కల్పించమనీ జవాబొచ్చింది. ఆ పుస్తకం ఎక్కడుందని బాబాయి అడిగాడు. కారు తెర మీద ఏడో పేజీలో ఉందట.

నెలాఖరున హెడ్డాఫీసు నుంచి ఒకాయన దిగాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని ముఖం. “మీ బాబాయి నోరు కాస్త కాపలా కాయవే” అని పిన్ని నన్ను పంపింది. ఆ రోజు మళ్ళీ బెల్టు పెట్టి మరిచిపోయిన దిండూ, పాప గౌనూ ఇంకా ఆ కారులోనే ఉన్నాయన్న వంకతో వెళ్ళాను. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికే ఆలస్యమైపోయింది.

“నా పేరు...” అంటున్నాడాయన.

“పేరు తర్వాత. ముందు మీ భయం చెప్పండి.”

“నాకా? నాకేం భయం లేదు. మన కారు మీద మీకే నమ్మకం లేదు. అందుకే అమ్మలేకపోతున్నారు. రండి, బ్రోషర్లో రాసినంత దూరం నేను నడిపి చూపిస్తాను. ఆ తర్వాత మీ లెక్క తేల్చేద్దాం.”

వెనకసీట్లో దిండు పక్కన నేను కూర్చున్నాను. ఆయన అద్దంలో చూసి, “ఏంటది?” అన్నాడు. “దిండండీ” అన్నాను. ఆయన జాలిగా నవ్వాడు.

బ్రోషర్లో రాసినదానికి చాలా ఇవతలే కారు నీరసించింది. ఎలాగో ఛార్జింగ్ స్టేషను దాకా పాకింది. ముగ్గురం దిగాం. మేం నాలుగడుగులు వేశామో లేదో, కారు తనంతట తానే తాళం వేసుకుని, పిడులు మింగి, కళ్ళు మూసుకుంది.

ఛార్జరు దగ్గర యాప్ తెరవమని రాసుంది. ఆయన జేబు తడుముకున్నాడు. “నా ఫోను లోపలుందే! ఈ కారుకి దాంట్లో యాప్ తప్ప ఇంకోటి పనిచేయదు.”

“అంటే...” బాబాయి నెమ్మదిగా కూడబలుక్కున్నాడు. “తలుపు తెరుచుకోవాలంటే ఛార్జింగ్ కావాలి. ఛార్జింగ్ కావాలంటే ఫోను కావాలి. ఫోను కావాలంటే తలుపు తెరుచుకోవాలి. బాగుందండీ. గుండ్రంగా, ఎక్కడా అతుకు లేకుండా చేశారు.”

ఇంతలో స్కూటరు ఆపిన ఒకావిడ అద్దంలోంచి లోపలికి చూసి కెవ్వున అరిచింది. “అయ్యయ్యో, లోపల పసిబిడ్డ!”

జనం మూగారు. “ఎవరి బిడ్డండీ?” “తల్లి ఎక్కడ చచ్చింది?” అని నా ముందే నన్ను తిడుతున్నారు. “అది దిండండీ, దిండు!” అని నేను మొత్తుకుంటున్నా వినేవాళ్ళు లేరు. “కదలట్లేదు!” అని ఎవరో అరిచారు. దిండు ఎలా కదులుతుంది?

అప్పుడు నేననుకోనిది జరిగింది. ఆ హెడ్డాఫీసాయన, దిండని నా నోటితోనే విన్న ఆయన, జనాన్ని తోసుకుంటూ వచ్చి, స్టేషను గోడకున్న ఎర్రటి మంటలార్పే సిలిండరు పీకి, తన కంపెనీ కారు అద్దాన్ని తానే భళ్ళున పగలగొట్టాడు. చెయ్యి లోపలికి పెట్టి బెల్టు విప్పి, దిండుని బయటికి లాగి భుజాన వేసుకున్నాడు. వీపు కూడా తట్టాడు.

కాసేపటికి ఆయనకి తానేం చేశాడో తెలిసొచ్చింది. దిండుతో అలాగే అరుగు మీద కూర్చున్నాడు. చొక్కా నలిగిపోయింది, ముఖమూ నలిగింది.

“మావాడికీ ఇలాంటి టోపీయే ఉందండీ. ఇప్పుడిప్పుడే బోర్లా పడుతున్నాడు” అన్నాడు నేల చూస్తూ.

బాబాయి పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేశాడు. “ఇప్పుడు చెప్పండి నాయనా. మీ పేరేంటి?”

వెనక్కి వచ్చేటప్పుడు లాగుడుబండిలో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. వచ్చినవాళ్ళందరినీ ఇలా ఎందుకు బెదరగొడతావని బాబాయిని అడిగాను.

“బెదరగొట్టడం ఏంటి తల్లీ? ఇంతమందిని అడిగాను. తన కోసం భయపడేవాడు ఒక్కడూ తగల్లేదు. ఆ పళ్ళ డాక్టరుకి వాళ్ళమ్మని ఆస్పత్రికి తిప్పే పని ఉంది. దర్జీ ఆవిడ పెనిమిటికి చూపు సరిగా ఆనదు. ఎవరి భయం చూసినా వెనకసీట్లోనే కూర్చుని ఉంటుంది. వెనకసీట్లో ఎవరున్నారో తెలియకుండా బండెలా అమ్మేది?”

మధ్యలో కూర్చున్న హెడ్డాఫీసాయన దిండు మీద గౌను సర్దాడు. బాబాయి లెక్క తేల్చే సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

కొన్నాళ్ళకి కంపెనీ కొత్త మోడలు తెచ్చింది. “సరికొత్త ఆవిష్కరణ! చేత్తో పట్టుకుని తెరవగలిగే తలుపు!” అని పెద్ద ప్రకటన ఇచ్చింది, దానికి అదనంగా వసూలు కూడా చేసింది. అమ్మకాలు కాస్త పెరిగాయి. మరీ కాదు, వైపరు ఇంకా మూడో పేజీలోనే ఉంది. బాబాయి ఉద్యోగం నిలిచింది. కొత్తగా చేరినవాళ్ళకి భయాలు అడగడం నేర్పే పని కూడా ఆయనకే అప్పగించారు. పిన్ని తీరిగ్గా ఊపిరి పీల్చుకుంది. పక్కింటివాళ్ళు కూడా.

పిడి ఉన్న మొదటి కారు మేమే కొన్నాం. తాళం చేతిలో పెడుతూ బాబాయి నాతో అన్నాడు: “పాపకి మాటలొచ్చాక ఏం కావాలని తర్వాత అడుగు, ఏం భయమని ముందు అడుగు. ‘భయం లేదులే’ అని మాత్రం అనకు. ఎక్కడుందో చూపించమని చెయ్యి పట్టుకుని కూడా వెళ్ళు.”

పాపకి మాటలొచ్చాయి. మొన్న స్నానం చేయనని మొరాయిస్తే అడిగాను. నీళ్ళతోపాటు తననీ తూము మింగేస్తుందట. గొట్టం కొలతలూ, నీటి వేగమూ వివరించబోయి నాలుక కరుచుకున్నాను. చెయ్యి పట్టుకుని వెళ్ళి తూము పక్కన కూర్చున్నాం. ముందు ఏనుగు బొమ్మని పంపి చూశాం, పట్టలేదు. పాప వాళ్ళ నాన్నని పిలిచి కాలు పెట్టమన్నాం, పట్టలేదు. పాప తృప్తిగా తలూపి బకెట్లోకి దిగింది.

మా ఆయన మాత్రం తూములోకి ఒకసారి తొంగిచూసి, “ఏమండీ, బాగున్నారా?” అని ఎవరినో మర్యాదగా పలకరించి, బయటికి పరుగు తీశాడు.