నట్టు కట్టిన నూలుతాడు

ఈ ఉదయం టీ పెడుతుంటే బాల్కనీలోంచి టక్కుమని చప్పుడైంది. కాసేపాగి మళ్లీ టక్కుమంది. మేకుకు వేలాడదీసిన నూలుతాడు ఊగి, దాని చివర కట్టిన ఇనుప నట్టు గోడకు కొట్టుకుంటోంది. రెండు వారాలుగా సూరత్‌లో మేమిప్పుడుంటున్న ఆల్థాన్‌లో ఆకు కదల్లేదు. గాలి మళ్లిందన్నమాట. పొయ్యి మీద పాలు వదిలేసి చూడటానికి వెళ్లాను. గోడ మీద పెన్సిల్‌తో గీసిన రెండు గీతల్లో పైగీతకు నట్టు బాగా దగ్గరగా వచ్చింది. ఈలోపు పాలు పొంగిపోయాయి. మా ఆయన శ్రీనివాస్ పొయ్యి ఆపి, బట్టతో గట్టు తుడుస్తూ, "కాక పిలిచిండా?" అన్నాడు.

కాక అంటే నర్సయ్య కాక. మాకు చుట్టమేమీ కాదు. మేము ఇదే ఊళ్లో పర్వత్ పాటియాలో అద్దెకు ఉన్న రోజుల్లో పక్కింటి మేడ మీద గదిలో ఒక్కడే ఉండేవాడు. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి మీసం మొలిచే వయసులో సూరత్ వచ్చి, అరవై దాటేదాకా మరమగ్గాల మీదే బతికాడు. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్క కూతురు, ఆమె కోరుట్లలో కాపురం. నేను వరంగల్ పిల్లను. పెళ్లయి సూరత్ వచ్చి ఒక చిన్న బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. ఆ ఇంట్లో మొదటి మూడేళ్లు కాకకు నాకు మధ్య నమస్కారాలే తప్ప మాటల్లేవు. పలకరిస్తే వెంటనే పలికేవాడు కాదు, నా మొహంలోకి గుచ్చి గుచ్చి చూసేవాడు. మనిషికి కాస్త పొగరనుకున్నాను. అసలు సంగతి, ఆయనకు చెవులు పనిచేయవు. మగ్గాల మోత తినేసింది. ఆ మోతలో పక్కనున్నవాడు అరిచినా వినపడదు కాబట్టి మగ్గం నడిపే కారీగర్లు పెదవులతోనే మాట్లాడుకుంటారు. మూడు మగ్గాల అవతల ఉన్నవాడి పెదవులు చూసి వాడి ఇంటి గొడవంతా చెప్పగలడు కాక. మనుషులు ఎదురుగా నిలబడి నోరు కదిపితే చాలు, ఆయన చెవిటివాడన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

కరోనా వచ్చి అందరి మూతులకు మాస్కులు వచ్చాక తెలిసింది. లాక్‌డౌన్ పెట్టిన మొదటి వేసవిలో మగ్గాలు ఆగిపోయాయి. చుట్టుపక్కల గదుల వాళ్లు చాలామంది ఊళ్లకు పోయారు. కాక పోలేదు. ఒకరోజు కింద కూరగాయల బండి దగ్గర గొడవవుతోందని మేడ మీద నుంచి తొంగి చూశాను. బండివాడు మాస్కులోంచి ఏదో అంటున్నాడు, కాక చెయ్యి ఊపి మళ్లీ చెప్పమంటున్నాడు, వాడు విసుక్కుంటున్నాడు. చివరికి కాక ఏమీ కొనకుండానే పైకి వచ్చేశాడు. మా రెండు డాబాల మధ్య నడుమెత్తు గోడ ఒకటుంది. దాని ఇవతల నిలబడి, నా మాస్కు కిందికి లాగి, "ఏమైంది కాకా?" అని గట్టిగా అరిచాను.

"అరవకు బిడ్డా," అన్నాడు. "అరిస్తె మూతి వంకర పోతది, సమజ్ కాదు. మెల్లగ, నోరంత తెరిచి అను. సప్పుడు రాకున్నా మంచిదే."

పదేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న నాకు మాట్లాడటం ఎలాగో ఒకాయన నేర్పడం కొంచెం గుచ్చుకుంది. అయినా చెప్పినట్టే చేశాను. ఆయన తలూపి నవ్వాడు. "లోకమంత మూతులు మూసుకున్నది. బజారుకు పోతే నాకు ఒక్క మాట దొరుకుత లేదు. ఇగ కొనుడు బంద్. పండించుకునుడే."

ఆ మాట అన్నంత పనీ చేశాడు. అప్పటికే నాలుగైదు కుండీలున్నాయి. నెల తిరిగేసరికి పగిలిన బకెట్లు, పెయింటు డబ్బాలు, సిమెంటు సంచులు డాబా అంతా పరుచుకున్నాయి. బెండ, బీర, సొర, తోటకూర, గంగవాయిలి కూర. మూల పడున్న దారపు పోగులను తాడుగా పేని, తీగలకు పందిరి అల్లాడు. ముళ్లు ఎంత నున్నగా వేసేవాడంటే ముడి ఎక్కడుందో వేలికి తగిలేది కాదు. పాత చీర ముక్కలు నాలుగు కలిపి నీడకు కట్టాడు. మధ్యాహ్నం ఎండలో ఆ డాబా మీద గులాబీ రంగు నీడ పడేది.

నాకూ పురుగు కుట్టింది. నాలుగు డబ్బాల్లో బెండ గింజలు పెట్టాను. మొలకలు రాగానే పొద్దున ఒకసారి, పదింటికి ఒకసారి, ఆన్‌లైన్ క్లాసు అయ్యాక ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పోసేదాన్ని. వారంలో ఆకులు పసుపెక్కి, కాడలు మెత్తబడి వాలిపోయాయి. ఎండ ఎక్కువైందనుకుని ఇంకాస్త పోశాను. కాక రెండు రోజులు ఊరుకుని మూడోనాడు గోడ దగ్గరికి వచ్చాడు.

"నువ్వు మొక్కకు పోస్తలేవు బిడ్డా. నీ బుగులుకు పోస్తున్నవు."

ఆ భయం నిజమే. మా అమ్మానాన్నలు వరంగల్‌లో, నేను ఇక్కడ, మా ఆయన సూరత్ బయట కిమ్ అనే ఊరి దగ్గరి ఫ్యాక్టరీలో. పొద్దున్నుంచి టీవీలో సావుల లెక్క. చేతులకు ఏదో ఒక పని ఉండాలని మొక్కల ప్రాణం తీశాను. ఏడుపొచ్చింది. కాక అది పట్టించుకోకుండా, మెట్ల గది చూరు కింద మేకుకు వేలాడుతున్న తాడును చూపించాడు. నాలుగు నూలుపోగులు కలిపి గట్టిగా పేనిన మూరెడు తాడు, చివర పాత మగ్గం తాలూకు నట్టు. వెనక గోడ మీద రెండు గీతలు. గాలిలో తేమ ఉంటే నూలు పురి బిగిసి తాడు పొట్టిదవుతుంది, నట్టు పైకి లేస్తుంది. పొడిగాలి వీస్తే పురి వదులై కిందికి దిగుతుంది. నట్టు కిందిగీత దాటితే రెండుపూటలా నీళ్లు. రెండు గీతల నడుమ ఉంటే పొద్దున ఒక్కపూటే. పైగీత ఎక్కితే చెంబు ముట్టుకోకూడదు. సూరత్ ఎండాకాలం ఒక్క తీరున ఉండదు: పొద్దున ఉత్తరం నుంచి వడగాలి కొడుతుంది, మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి జిడ్డుగాలి వస్తుంది. ఏ పూట ఏది గెలిచిందో మనకు చెమట చెబుతుంది, తప్పుగా చెబుతుంది. తాడు తప్పు చెప్పదని కాక నమ్మకం.

"ముందు తాడు చూడు. తర్వాత మట్టిల వేలు పెట్టు. ఆఖర్న చెంబు పట్టుకో," అన్నాడు. ఆ ఎండాకాలం నేను మూడు పనులు నేర్చుకున్నాను: తాడు చూడటం, ముడి వేయడం, గొంతు లేకుండా మాట్లాడటం. సాయంత్రాలు చెరో డాబా మీద పది అడుగుల ఎడంలో నిలబడి ఒక్క సప్పుడు లేకుండా గంటసేపు ముచ్చట్లు పెట్టుకునేవాళ్లం. ఆయన కూడా గొంతు దించి పెదవులతోనే జవాబిచ్చేవాడు, నేను చదువుకోవాలని. శ్రీనివాస్ మొదట్లో "చెవిటోని ముందర శంఖమూదుడు ఎందుకే" అని నన్ను ఏడిపించేవాడు. తర్వాత మా ఇద్దరినీ అలా చూస్తే భయమేస్తోందని కిందికి వెళ్లిపోయేవాడు.

రెండో వేసవిలో కాకకు దగ్గు పట్టుకుంది. నాలుగోనాటికి మెట్లు దిగలేకపోయాడు. శ్రీనివాస్ ఆటోలో ఎక్కించుకుని మూడు ఆసుపత్రులు తిప్పి, చివరికి ఒకచోట మంచం సంపాదించాడు. మా పాత స్మార్ట్‌ఫోన్ ఆయన సంచిలో పెట్టి వచ్చాడు. వెళ్తూ వెళ్తూ కాక ఆటోలోంచి పైకి చూసి, నాకు కనిపించేలా నోరు తెరిచి, "తోట," అన్నాడు. నేను తలూపాను.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. పాపం, అలసిపోయిన గొంతు. "అంకల్ మాట వినట్లేదు. ఆక్సిజన్ మాస్కు మాటిమాటికీ పీకేస్తున్నాడు. ఇలాగైతే నిలబడడు. మీరేమన్నా చెప్పగలరా?" అని హిందీలో అడిగింది. నాకు వెంటనే అర్థమైంది. తల నుంచి కాళ్లదాకా కప్పుకున్న మనుషులు చుట్టూ తిరుగుతున్నారు. ఒక్కరి పెదవీ కనపడదు. మొహం మీద ఏం పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో ఆయనకు చెప్పినవాళ్లు లేరు. వీడియో కాల్ చేయమన్నాను. ఎండ నా మొహం మీద పడేలా డాబా గోడ మీద ఫోన్ పెట్టి, మెల్లగా, నోరంతా తెరిచి చెప్పాను. ఇది గాలి కాకా. నీ ఊపిరితిత్తులకు సరిపోయేంత గాలి బయట లేదు. ఇది తీస్తే సచ్చిపోతవు.

ఆయన నా పెదవులనే చూశాడు. ఆక్సిజన్ మాస్కు పారదర్శకంగా ఉంటుంది. దాని వెనక పెదవులు కదిలాయి. "గట్లనా. ఎవ్వరు చెప్పలే," అన్నాడు. నర్సుకు ఆయన మూలుగుతున్నట్టు అనిపించి ఉంటుంది. నాకు మాటలు కనిపించాయి.

వెంటనే ఇంకో మాట అడిగాడు: "బీర పూసిందా?" ఫోన్ తిప్పి చూపించాను. ఆ పసుపు పూలు చూసి మొహం విప్పారింది. అప్పుడే నా పంతులమ్మ బుద్ధి పనిచేసింది. రోజూ నాలుగింటికి తోట చూపిస్తాను, కానీ ఇరవైనాలుగు గంటలూ మాస్కు మొహం మీదే ఉండాలి, తీసినట్టు నర్సమ్మ చెబితే ఆ రోజు తోట లేదు అన్నాను. మూడో తరగతి పిల్లలతో బేరం కుదుర్చుకున్నట్టే కుదుర్చుకున్నాను. పన్నెండు రోజులు అది నడిచింది. సొరపిందె పెరుగుతున్న కొద్దీ రోజూ చేత్తో కొలిచి చూపించేదాన్ని. తోటకూర ముదిరిందని తిట్టాడు. ఒక్కరోజు కూడా మాస్కు తీయలేదని నర్సు చెప్పింది. ఆయన ప్రాణం ఆ డబ్బాల మీద వేలాడుతోందని నాకు తెలుసు. అందుకే పొద్దున లేవగానే మొహం కూడా కడగకుండా తాడు చూసేదాన్ని.

పదమూడో రోజు నట్టు పైగీత ఎక్కింది. పద్నాలుగోనాడు మునుపెన్నడూ చూడనంతగా మేకుకు దగ్గరగా పోయింది. సముద్రంలో తుఫాను, ఒడ్డెమ్మటే ఉత్తరానికి పోతోంది అన్నారు. చేతనైనన్ని సంచులు మెట్ల గదిలోకి లాగాను. పందిరిని ఎలా లాగను? గాలి ఆ రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా కొట్టింది. తగ్గాక వెళ్లి చూస్తే పందిరి మూడిళ్ల అవతల వాటర్ ట్యాంకు మీద పడి ఉంది. బీరతీగ మొదలంటా తెగింది. సొరకాయ పగిలి గోడకు అంటుకుంది. లోపలికి లాగిన సంచులు ఒకదాని మీద ఒకటి పడి మొక్కలన్నీ నలిగిపోయాయి. చీర ముక్క ఒకటి కరెంటు తీగకు వేలాడుతోంది. పద్ధతిగా పేర్చిన డాబా అంతా బురద. కూర్చుని ఏడ్చాను.

నాలుగు కావస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చూపిస్తే మాస్కు తీసి పడేస్తాడేమో. చూపించకపోతే అనుమానం వస్తుంది. ఒక మూల రెండు బెండ మొక్కలు వంగి బతికే ఉన్నాయి. వాటిని నిలబెట్టి కర్ర కట్టి, ఫోన్ వాటికి మాత్రమే కనిపించేలా పెట్టి, "అంతా మంచిగున్నది కాకా. కొంచెం గాలొచ్చింది," అన్నాను.

కాక బెండ మొక్కలను చూడలేదు. నన్ను చూశాడు. తర్వాత, "తాడు చూపించు," అన్నాడు.

ఏం చేయను. ఫోన్ అటు తిప్పాను. తాడు తెగలేదు. కానీ రాత్రంతా ఊగిన నట్టు గోడకు కొట్టుకుని కొట్టుకుని, సున్నం అర్ధచంద్రంగా లేచిపోయి ఇటుక కనపడుతోంది. గీతలు రెండూ చెరిగిపోయాయి. ఆయన చూడటం అయ్యేదాకా ఫోన్ అటే పట్టుకున్నాను.

"పోయినయా?" అన్నాడు.

"పోయినయ్ కాకా."

"అన్నీ?"

ఫోన్ ఎత్తి డాబా అంతా మెల్లగా తిప్పి చూపించాను. ఇక దాచలేదు. మళ్లీ నా వైపు తిప్పుకునేసరికి ఆయన చెయ్యి మొహం దగ్గరికి పోతోంది. మాస్కు పట్టుకున్నాడు. పక్కకు జరిగిన అంచును ముక్కు మీదికి సరిచేసి, రెండు పక్కల రబ్బరు తాళ్లు తనే బిగించుకున్నాడు.

"మట్టి ఉన్నదా?" అని అడిగాడు.

"ఉన్నది."

"మట్టి ఉంటె ఇంకేంది. ఆరనియ్యి. ఆరినంక తిరగెయ్యి. రేపు నాలుగింటికి మట్టి చూపించు."

మరో తొమ్మిది రోజులు నేను ఆయనకు మట్టే చూపించాను. తడిమట్టి, ఆరిన మట్టి, తిరగేసిన మట్టి. నర్సు ఒకసారి అటుగా వంగి చూసి, ఈ ముసలాయన ఖాళీ డబ్బాలు చూసి ఎందుకు నవ్వుతున్నాడని అడిగింది.

వానలకు ముందే ఇంటికి వచ్చాడు. బక్కచిక్కి, మెట్టు మెట్టుకూ ఆగి డాబా మీదికి వచ్చి, ముందు పెన్సిల్ అడిగి గోడ మీద గీతలు మళ్లీ గీశాడు. నాకు లోపల ఉన్న ముల్లు తీసేసుకోవాలనిపించింది. "ఆ రోజు ముందు అబద్ధం చెప్పిన కాకా. తప్పయింది," అన్నాను.

"నాకెర్కే బిడ్డా. ఆ దినం నువ్వు నోరు సగమే తెరిచినవు."

ఆ తర్వాత రెండు ఎండాకాలాలు పండించి, మూడోదానికి కూతురి దగ్గరికి పోయి, అక్కడే నిద్రలో పోయాడు. కోరుట్ల వెళ్లేముందు తాడు విప్పి నాకిచ్చాడు. మేము ఆల్థాన్‌కు మారినప్పుడు అన్నిటికంటే ముందు దాన్నే కట్టాను. బడిలో పిల్లవాడు పరీక్ష తప్పాడని వాళ్లమ్మకు చెప్పాల్సి వచ్చినా, నాన్న ఆసుపత్రి రిపోర్టుల సంగతి నాన్నకే చెప్పాల్సి వచ్చినా, నేను ఎదురుగా కూర్చుంటాను, మెల్లగా, నోరంతా తెరిచి చెబుతాను. మొన్న నాన్నకు అలాగే చెప్పాను. ఆయన నా మొహం చూసి, సరే, ఇప్పుడేం చేద్దాం అన్నాడు.

పాలు తుడవడం అయ్యాక మళ్లీ బాల్కనీలోకి వెళ్లాను. నట్టు పైగీత ఎక్కింది. బెండ కుండీలో వేలు పెట్టి చూశాను, చల్లగా ఉంది. చెంబు తీసుకెళ్లి లోపల పెట్టేశాను.