జానెడు ఎత్తున ఆగే మనిషి

పోలయ్య మావ ఇక లేడన్న కబురు మద్దిలపాలెంలో మందుల దుకాణం ముందు నిలబడి ఉండగా ఫోనులో అందింది. కళ్ళు చెమర్చాయి. అయితే కన్నీళ్ళకంటే ముందు నా మనసులో మెదిలింది ఊరట. ఆ సంగతి దాచి ఈ నివాళి రాస్తే ఆ పుణ్యాత్ముడికి రెండోసారి ద్రోహం చేసినవాణ్ణవుతాను.

ఓడరేవులో ముప్ఫై ఏళ్ళకు పైగా క్రేన్ నడిపిన పోలయ్య జాలరిపేట మనిషి. పద్మనాభం పొలాల నుంచి వచ్చి, కొక్కేనికి తాడు తగిలించడం కూడా తెలియని నాకు ఆయనే గురువు. ఎంత తొందరున్నా బరువును ముందు జానెడు ఎత్తు లేపి ఆపడం ఆయన నియమం. అది ఊగే తీరు, తాడు బిగిసే తీరు కనిపెట్టేవాడు. మనసు ఒప్పితే పైకి, లేకుంటే నేలకు. "ఎత్తీముందు ఎంతసేపైనా ఆలోసించు. తేల్సీసుకున్నాక మరి ఎనక్కి సూడకు" అనేవాడు.

ఇంట్లోనూ అదే ధోరణి. ఒకసారి ఫ్యాను కొనడానికి నన్ను తోడు తీసుకెళ్ళి, దుకాణంలో అరగంట మౌనముద్ర వహించాడు.

"ఏటి మావా, కొంతావా నేదా?"

"ఉండ్రా, ఇంకా జానెడు మీదే ఉంది."

తీరా కొన్న ఫ్యాను మొదటి రోజు నుంచే టకటకలాడింది. ఆయన భార్య ఎల్లమ్మత్త చేపల గంప దించుతూ ఎంత దెప్పినా చిరునవ్వే. "నాను తెచ్చిందే గదేటి. గాలొత్తంది, సాలు." నేనేమో ఫ్లాటు కొని ఇన్నేళ్ళయినా, పక్క వీధిలో కొనుంటే బాగుండేదని ఇంకా గొణుగుతూనే ఉంటాను.

కాలక్రమేణా నేను ఫోర్‌మన్‌నయ్యాను. తాళ్ళు తనిఖీ చేసే బాధ్యత నాది. ఒకనాడు ఓడ బయలుదేరే హడావిడిలో పోలయ్య ఉక్కు చుట్టను జానెడు లేపి, ఆపి, దింపేశాడు. పై అధికారులు కేకలేశారు. "తేడాగుంది, నాను ఎత్తను" అన్నాడు. నేను వెళ్ళి చూస్తే ఇనుప తాడులో మూడు పాయలు తెగి ఉన్నాయి. ఆ ఉదయం చూడకుండానే చూశానని నేను సంతకం పెట్టిన తాడు అది. ఆయన క్యాబిన్ మెట్లు దిగేలోపే దాన్ని తుక్కులోకి ఈడ్చి పారేశాను. విచారణలో "తాడు బాగానే ఉంది, ఆపరేటర్ మొండికేశాడు" అని రాసిచ్చాను. ఆయన ప్రమోషన్ ఆగిపోయింది. రిటైరయ్యేదాకా అదే క్యాబిన్, అవే మెట్లు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తాడు సంగతి తెలియదు గనకే అనలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆనాటి గొడవ ఎవరైనా కదిపితే "నాను దింపిన బరువు కింద ఎవుడూ పోనేదు. నాకదే సాలు" అనేవాడు. నేను పక్కనే కూర్చుని సిగ్గులేకుండా తల ఊపేవాణ్ణి. చెప్పేద్దామని జాలరిపేట దాకా వెళ్ళి, టీ తాగి తిరిగొచ్చిన సందర్భాలు ఎన్నో.

పెద్దకర్మ నాడు ఎల్లమ్మత్త నన్ను లోపలికి పిలిచింది. పైన ఆ ఫ్యాను ఇంకా టకటకలాడుతూనే ఉంది.

"ఆ తాడు మీ మావ ఆ సాయంత్రమే తుక్కులో సూసినాడు బాబూ" అంది.

"మరి ఎవరికీ సెప్పనేదేటత్తా?"

"నానూ అదే అడిగినాను. 'ఆడి ఉజ్జోగం పోతాది, సిన్నపిల్లలున్నోడు. రెండ్రోజులు ఆలోసించినాను, ఒగ్గీసినాను' అన్నాడు. మరెప్పుడూ ఆ మాటెత్తనేదు. సుకంగా పడుకునీవోడు."

నష్టపోయినవాడు తృప్తిగా బతికి, తృప్తిగా వెళ్ళిపోయాడు. బాగుపడిన నేను మాత్రం ఆయన మరణవార్త విని ఊరట చెందేంత హీనస్థితికి దిగజారాను.

అంతటి ధీరచిత్తుడు, అంతటి పనివాడు మా రేవుకు మళ్ళీ దొరకడు. ఆయన పాదాలకు నమస్కరించే అర్హత నాకు లేదని తెలిసే నమస్కరిస్తున్నాను. ఈ కాగితాన్ని కూడా వారం రోజులు జానెడు ఎత్తున ఆపి చూసుకున్నాను. ఇప్పుడు తేల్చుకున్నాను.

మావా, ఆ తాడు తెగే ఉంది. నేను చూశాను.