మూడో అభ్యర్థి మా ఇంటివాడే

చల్లపల్లి దగ్గర మా చేనేత సంఘానికి మొన్న వేసవిలో ప్రెసిడెంటు ఎన్నిక జరిగింది. పాత ప్రెసిడెంటు మళ్లీ నిలబడ్డాడు. నూలుకి రంగులేసే షెడ్డు పడగొట్టి షాపులు కడతానన్నాడు. అది పోతే రంగు నూలు కోసం బెజవాడ పోవాలి. నాలాంటివాడి మగ్గం మూలపడ్డట్టే. ఆ షెడ్డులోనే పనిచేసే ఒకావిడ అతని మీద పోటీకి దిగింది. పేటలో సగానికి పైగా ఆవిడవైపే.

అప్పుడతను మా బావమరిదిని ఎగదోశాడు. "మీ చుట్టాలే బోలెడుమంది, ఎందుకు గెలవవూ?" అన్నాడట. నేను బడి మొహం చూడలేదు, పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నాను. అయినా పై దేశాల అధ్యక్ష ఎన్నికల్లో మూడోవాణ్ణి దేనికి నిలబెడతారో పేపర్లో చదివే ఉన్నాను. ఓట్లు చీల్చడానికి! కడుపు మండిపోయింది.

"ఎవరి ఓట్లు తింటున్నావో తెలుసట్రా?" అన్నాను.

"నేను ప్రెసిడెంటునైతే నీకు కళ్లల్లో కారం కొట్టినట్టుందేం బావా?" అని నవ్వాడు. "ముందు నా వెనకాల నడువు. బావే రాకపోతే జనం ఏమనుకుంటారు?"

నేను కదల్లేదు. మా ఆవిడ వెళ్లింది. తమ్ముడితో ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్లకి బొట్టు పెట్టి ఓటు అడిగింది. బొట్టు పెట్టించుకుని మాటిచ్చాక తప్పడం మా పేటలో లేదు. నా భయమంతా అదే.

ఓటింగు ముందు రోజు పొద్దున బావమరిది మొహం వేలాడేసుకొచ్చాడు. పాత ప్రెసిడెంటు గెలిచేసినట్టే, షాపులకి కొలతలు తీయడానికి మేస్త్రీ అప్పుడే దిగాడట.

"నన్ను అడ్డం పెట్టుకున్నాడు బావా."

పేరు తీయించుకునే గడువు దాటిపోయింది. ఇద్దరం పేటంతా తిరిగాం. "నాకొద్దు, ఆవిడకెయ్యండి" అని వాడే చేతులు జోడించాడు.

"నీకు మొహమాటం ఎక్కువ నాయనా," అంది ఒక ముసలమ్మ. "మాటిచ్చాంగా, నీకే వేస్తాం."

ప్రతి గడపలోనూ అదే పాట. ఇంటికొస్తే, ఓటున్న మా ఆవిడదీ అదే.

"బొట్టు పెట్టి అడిగినదాన్ని. నేనే తప్పితే ఆ గడపలు మళ్లీ ఎలా తొక్కనండీ?"

"షెడ్డు పోతుందే!"

"నాకు మాత్రం తెలీదా?" అని కళ్లొత్తుకుంది.

షెడ్డులో పనిచేసే ఆవిడకీ మా వాడికీ పడ్డ ఓట్లు కలిపితే పాత ప్రెసిడెంటు మట్టికరిచేవాడు. కలపరు గదా, గెలిచాడు.

ఈ వారం షెడ్డు రేకులు విప్పుతున్నారు. ఆ చప్పుడు నేను కూచుని నేసే మగ్గం గుంటలోకి వినిపిస్తోంది. ఇంట్లో ఉన్న ఎర్ర నూలు ఈ చీర కొంగుదాకా వస్తుంది. ఆ తర్వాత ఏం నేస్తానో తెలియదు.