ఏ గుమ్మంలోంచి?

పొద్దున్నే జీడిపిక్కలు కాల్చే పొగ కాశీబుగ్గ వీధిలోకి దిగితే ఇప్పటికీ నా చూపు ఫోను వైపే పోతుంది. ఆ ఘాటు గొంతులో పడుతున్న వేళే ఒక రోజు మా దుకాణంలో ఫోను మోగింది. అప్పటినుంచి ఆ వేళకు ఫోను మోగిందంటే ఎత్తడానికి చెయ్యి రాదు.

రైలు, విమానం టిక్కెట్లు తీసే ఆ దుకాణం మార్తమ్మ గారిది. నాకు పని నేర్పింది ఆవిడే. చేరిన కొత్తలో ఒకాయన విశాఖపట్నం నుంచి విజయవాడకు విమానంలో ఎంతసేపని అడిగితే, కంప్యూటర్లో చూసి "గంటేనండి" అని గొప్పగా చెప్పాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూశారు.

"గంట ఇమానానికే పిల్లా, మనిసికి కాదు. ముందర ఏ గుమ్మంలోంచి బయల్దేరతారో అడుగు. మందస గుమ్మం వేరు, టెక్కలి గుమ్మం వేరు."

ఇల్లు కదలాల్సిన వేళను టిక్కెట్టు వెనక ఎర్ర సిరాతో రాసిచ్చేవారు. దారిలో టీకి పావుగంట కూడా కలిపేవారు. అబ్బ, ఏం చాదస్తమో అని నవ్వుకునేదాన్ని.

మా ఉద్దానం ప్రాంతాన్ని పట్టిన కిడ్నీ జబ్బు ఆవిడనూ వదల్లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్. సూదులకు ఉబ్బిపోయిన ఆ చెయ్యి చూడాలంటే భయం వేసేది. మార్పిడి కోసం విజయవాడ ఆసుపత్రిలో పేరు రాయించుకున్నారు. కబురొచ్చిన ఎనిమిది గంటల్లో చేరాలి. లేకపోతే ఆ కిడ్నీ వరసలో తర్వాతివారికి వెళ్లిపోతుంది.

ఆ రోజు ఉదయం ఏడింటికి ఫోను చేసింది ఆవిడే.

"పిలుపొచ్చిందే! సీటు తియ్యి. నాను బయల్దేరిపోతన్నాను."

ఆ సంతోషంలో ఇంకేమీ తోచలేదు. మధ్యాహ్నం పన్నెండున్నర విమానానికి సీటు తీశాను. కారులో విశాఖపట్నానికి నాలుగు గంటలు, ఇంకా వ్యవధి ఉందనుకున్నాను. కారు తీసుకుని రెండు వీధుల అవతలున్న ఆవిడ ఇంటికి వెళితే తాళం!

"డొంకూరు ఎల్లారు కదమ్మా, నిన్ననే. సెల్లెలి కాడికి," అంది పక్కింటావిడ.

డొంకూరు ఇచ్ఛాపురం అవతల, సముద్రం ఒడ్డున. ఆవిడ ఆటోలో కాశీబుగ్గ చేరేసరికి ఎనిమిదీ ముప్పావు. దారంతా గడియారం చూడ్డానికి భయపడ్డాను. మేము విమానాశ్రయం చేరేసరికి విమానం వెళ్లిపోయింది. తర్వాతిది సాయంత్రానికి. ఆవిడే ఆసుపత్రికి ఫోను చేసి, రాలేమని చెప్పారు.

నేను భోరుమన్నాను.

"ఊరుకో పిల్లా. నాను మాత్రం సెప్పానేటి, డొంకూరులో ఉన్నానని? ఆ కిడ్నీ ఎవులికో ఒకలికి అందుతాది," అన్నారు. కాసేపటికి నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. "బయ్యమేత్తందే."

అంతకుముందు ఆ మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. రెండో పిలుపు రాలేదు. మళ్లీ వానలు పడకముందే పోయారు.

దుకాణం ఇప్పుడు నేను చూస్తున్నాను. నిన్న ఒక అమ్మాయి ఆసుపత్రి కాగితాలతో వచ్చి, "రేపు ఇజీవాడ ఎల్లాల. ఇమానంలో ఎంతసేపక్కా?" అంది.

"ముందు రేపు పొద్దున్న ఏ గుమ్మంలోంచి బయల్దేరతారో చెప్పమ్మా," అన్నాను, ఎర్ర పెన్ను తీస్తూ. ఈ ప్రశ్న అడగకుండా ఇంతవరకు ఎవరినీ పంపలేదు. నేర్పిన ఆవిడను ఒక్కరినే అడగలేదు.