ఇంజెక్టర్ల మీద ఎర్ర చుక్కలు

మా ఇంట్లో గుర్తు లేని వస్తువు ఉండేది కాదు. స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించడం అందరూ చేసేదే. మా అమ్మ అంతటితో ఆగేది కాదు. పక్కింటికి కూర పంపే డబ్బా అడుగున, కుక్కర్ వెయిట్ మీద, గుడి ముందు విప్పే చెప్పుల లోపల ఎర్రటి గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టేది. మనది మనకు తిరిగి రావాలంటే దాని మీద గుర్తు ఉండాలనేది. కోస్తా నుంచి తెచ్చుకున్న గిన్నెలతో పాటు ఆ అలవాటు కూడా మా అశోక్ నగర్ ఇంట్లోకి వచ్చింది. నాకు యాభై దాటాయి. ఇప్పటికీ నా హ్యాండ్‌బ్యాగులో ఆ సీసా ఉంటుంది. గోళ్లకు వాడేది తక్కువ.

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో మా మెకానిక్ షెడ్డు. పదేళ్లుగా నా కారు అతని చేతిలోనే ఉంది. ఒకసారి జోరువానలో నారాయణగూడ ఫ్లైఓవర్ కింద కారు ఆగిపోతే, గొడుగు నా చేతికిచ్చి తను తడుస్తూ బాగుచేశాడు. నేను ఒక్కదాన్నే ఉంటాను. కారు గురించి నాకు తెలియనిదంతా అతనికి తెలుసనే ధైర్యంతోనే స్టీరింగ్ పట్టుకుంటాను. నన్ను 'అక్కా' అంటాడు. తాళాలు తీసుకుని, "చాయ్ తాగి రా పో అక్కా, ఫోన్ చేస్త" అంటాడు. ఈ ఊళ్లో నేను వెనక్కి తిరిగి చూడకుండా వదిలి వెళ్లగలిగే చోటు అదొక్కటే. అలాంటి చోటుతో ఆడుకున్నాను, అదీ ఒక సీసా గోళ్ల రంగుతో.

నేను పాఠాలు చెప్పే కాలేజీకి వెళ్లే దారిలో సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, కారు జ్వరం వచ్చినట్టు వణికేది. చూపిస్తే అతను ఇంజిన్ విప్పి, పెట్రోలును లోపలికి సన్నగా చల్లే ఇంజెక్టర్లు నాలుగూ బయటికి తీశాడు. ఒక్కొక్కటీ వేలెడంత ఉంది.

"బండిల ఉండంగ వీటి సంగతి తెల్వదక్కా. మెషిన్ మీద పెట్టి చూడాలె."

మెషిన్‌కి నాలుగు గాజు గొట్టాలున్నాయి. వాటి పైన ఇంజెక్టర్లు బిగించి స్విచ్ వేశాడు. మూడు బాగానే చల్లాయి. మూడో నంబరుది మాత్రం సరిగా కట్టని కుళాయిలా చుక్కలు కార్చింది. దాని గొట్టంలో మట్టం కిందే ఉండిపోయింది.

"ఇదే అక్కా నీ బండి రోగం. కడిగితే పోతది."

నాలుగిటినీ ట్రేలో పెట్టాడు. ఫోన్ మోగితే బయటికి వెళ్లాడు.

ముందు రోజే స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ అంది, మెకానిక్‌లు మంచి పార్టులు తీసేసుకుని పాతవి బిగిస్తారని, ఆడవాళ్లమంటే మరీ అలుసని. నేను దాన్ని కొట్టిపారేశాను. కానీ ఆ మాట నాలో ఎక్కడో తిష్ట వేసినట్టుంది. నా చెయ్యి దానంతటదే బ్యాగులోకి వెళ్లింది. నాలుగిటి మీదా తలొక చుక్క పెట్టి, ఆరాలని ఉఫ్ ఉఫ్ అని ఊదాను. ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో. అతను వచ్చేసరికి బుద్ధిమంతురాలిలా నిలబడి, వస్తానని చెప్పి కాలేజీకి పోయాను.

సాయంత్రం నాలుగింటికి ఫోన్ వచ్చింది. బిగించే ముందు నాకు చూపించాలని ఆగాడట. నేను షెడ్డుకి వెళ్లగానే స్విచ్ వేశాడు.

"చూడక్కా, నాలుగూ ఒక్క తీరుగ కొడ్తున్నయ్."

గాజు గొట్టాల్లో నాలుగు మట్టాలూ సమానంగా లేస్తున్నాయి. నేను వాటిని చూడటం లేదు. ఇంజెక్టర్లు తళతళలాడుతున్నాయి. నల్ల రబ్బరు రింగుల చోట ఆకుపచ్చవి ఉన్నాయి. చుక్కలు లేవు. విప్పించి, చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అసలు పెట్టానా? పెట్టాలనుకుని ఊరుకున్నానా? ఈమధ్య గ్యాస్ కట్టేశానో లేదో గుర్తుండదు, ఇదీ అలాంటిదేనా? బొటనవేలు చూసుకుంటే పక్కన ఎర్రటి మరక ఉంది. అయితే పెట్టాను. మరి ఇవి ఎవరివి? పదేళ్లుగా తెలిసిన మనిషి ఒకవైపు, లేని చుక్క ఒకవైపు. ఆలోచించి మాట్లాడే ఓపిక నాకు మొదటి నుంచీ లేదు.

"ఇవి నావి కావు," అన్నాను.

అతను నవ్వాడు. "మజాక్ చేస్తున్నవా అక్కా?"

"మార్చేశావు. నావి ఎక్కడ?"

గొంతు నేననుకున్న దానికన్నా పెద్దగా వచ్చింది. స్కూటర్లతో వచ్చిన ఇద్దరు తలలు తిప్పి చూశారు.

"మార్చిననని ఎట్ల అంటున్నవ్?"

"గోళ్ల రంగుతో గుర్తు పెట్టాను. ఇప్పుడు లేదు."

అతని మొహంలో కోపం ఉంటుందనుకున్నాను, లేదు. లెక్క తప్పిన మనిషిలా చూశాడు. మూలకు వెళ్లి ఒక గుడ్డ తెచ్చి నా ముందు పరిచాడు. నూనె మసి మధ్యలో ఎర్రటి మరక.

"కడిగే ముంగట పైన మట్టి పోవాలని స్ప్రే కొట్టిన. తుడుస్తుంటే ఎర్రగ వచ్చింది. ఏందో సమజ్ కాలె. లోపల ఏమన్న పగిలి కరుగుతుందేమోనని పరేషాన్ అయిన. నాలుగిటినీ మళ్ల మొదటి నుంచి టెస్ట్ చేసిన. పొద్దటి నుంచి ఇదే పని."

చిన్న డబ్బా మూత తీశాడు. కడిగాక కొత్తవి వేసి తీసేసిన నా పాత నల్ల రింగులు అందులో ఉన్నాయి, నాకు ఇవ్వడానికి దాచాడు. గుడ్డ ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటే, ఎప్పుడైనా వేసుకున్నప్పుడు నేను దూదితో గోళ్ల రంగు తుడుచుకునే మందు వాసనే వచ్చింది. ఎన్నేళ్లుగానో నా చేత్తో చేస్తున్న పని, స్ప్రేకి ఆ రంగు కరిగిపోయి ఉంటుందని అక్కడ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పయింది తమ్ముడూ."

"ఏం కాదు," అని ఇంజెక్టర్లు తీసుకుని బానెట్ కింద వంగాడు.

తిరిగి వస్తుంటే సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయిందనుకుని తాళం తిప్పబోయాను. ఆగలేదు. వణుకు లేకపోయేసరికి నాకు తెలియలేదు, అంతే. పోయిన ప్రాణం లేచొచ్చినట్టు ఉండాలి కదా, నాకేమీ అనిపించలేదు. అతను 'ఏం కాదు' అన్నది దేనికో, కారుకా నాకా, ఇంటికి వెళ్లేదాకా తేల్చుకోలేకపోయాను.

మొన్న ఆయిల్ మార్పించడానికి వెళ్లాను. అతను లోపలికి వెళ్లి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి, గుడ్డతో తుడిచి, సరిగ్గా ఇంజిన్‌కి ఎదురుగా వేశాడు.

"కూర్చోండి మేడం. మీరు చూస్తుండంగనే విప్పుత."

విప్పిన ప్రతి పార్టునూ నా కళ్ల ముందు పట్టుకున్నాడు. నేను తలూపాకే ట్రేలో పెట్టాడు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని మొహంలో వెతికాను. లేదు. నా భయం పోగొట్టాలని నిజంగానే చేస్తున్నాడు.

ఇంతలో స్కూటీ మీద ఒకావిడ వచ్చింది. అతను తాళాలు అందుకున్నాడు.

"చాయ్ తాగి రా పో అక్కా, ఫోన్ చేస్త."

ఆవిడ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. నేను స్టూలు మీదే కూర్చున్నాను.